అక్క ఉంగరం మీద ఆవిరి

ఆ రోజుల్లో, అంటే డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం ఇంకా రాని రోజుల్లో, చదివినదాన్ని కడుపులో దాచుకోవడం నాకు చేతనయ్యేది కాదు. వనపర్తి గ్రంథాలయంలో రత్నాల మీద ఒక పుస్తకం దొరికింది. (రెండుసార్లు చదివాను. మూడోసారి అవసరం లేదనుకున్నాను.) వజ్రం వేడిని క్షణంలో లాగేస్తుందట, అందుకే దాని మీద నోటి ఆవిరి నిలవదు. గాజు మీద, వజ్రంలా మెరిసే జిర్కాన్ వంటి చవక రాళ్ల మీదైతే కాసేపు మబ్బులా పట్టి ఉంటుందట. ఇంత జ్ఞానం సంపాదించి ఒక్క వజ్రాన్నైనా కళ్లారా చూడలేదే అని బాధపడుతుండగా అక్క నిశ్చితార్థం వచ్చింది.

పెద్దమందడిలో మా ఇంటి ముందు షామియానా వేశారు. గద్వాల నుంచి వచ్చిన పెళ్లికొడుకు అక్క వేలికి ఉంగరం తొడిగాడు. వజ్రపుటుంగరమని నాయిన అప్పటికే ఊరంతా చెప్పి ఉన్నాడు. నేను అక్క చేయి పట్టుకుని, "జర చూడనియ్యే" అంటూ ఊదాను. ఆవిరి కదల్లేదు. మళ్లీ ఊదాను. (అక్క నా కాలు తొక్కింది. పొరపాటున తొక్కిందనుకున్నాను.) "ఇది వజ్రం కాదు, జిర్కాన్" అని అందరికీ వినపడేలా ప్రకటించి, మెచ్చుకుంటారేమోనని చుట్టూ చూశాను.

పెళ్లికొడుకు తల్లి మొహం పాలిపోయింది. "నాకు వజ్రమనే గదరా చెప్పినవ్" అంది కొడుకుతో. అతను తల వంచుకున్నాడు. నాయిన తువ్వాల భుజాన వేసుకుని లేచాడు.

"మొదట్లనే గిట్ల మోసం చేసేటోళ్లతోని సంబంధమెందుకు? తీసెయ్యి బిడ్డా ఉంగరం."

అక్క తీయలేదు. "ఆయన మోసం చెయ్యలే నాయినా. వజ్రం నేనే వద్దన్న. జిర్కాన్ గూడ మంచిగనే మెరుస్తది, మిగిలిన పైసలతోని కుట్టుమిషన్ కొందమన్న. గద్వాల దుకాణంల నేనే ఏరుకున్న."

నాయిన తువ్వాల జారిపోయింది. "గద్వాలకు నువ్వెప్పుడు పోయినవే?"

"బీచుపల్లి గుడికి పోయొస్తనన్న నాడు." ఆ వెంటనే, "దండం పెట్టుకునే పోయిన" అంది.

ముందుగా నవ్వింది పెళ్లికొడుకు తల్లే.

"కూసో అన్నా. ఇద్దరు గలిసి మనల్నే మోసం చేసిండ్రు. ఇగ వీళ్లను విడదీసి ఏం చేస్తం?"

ఆ మాట మీదే తాంబూలాలు మారాయి.

అక్క నాతో నెల రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం దిగులూ వేస్తుంది. ఏ రాయి గుణమేమిటో గడగడా ఒప్పజెప్పగలిగిన నాకు, అంతకుముందు పది రోజులుగా తనలో తానే నవ్వుకుంటూ ఇల్లంతా తిరిగిన అక్కను చూసి ఒక్క అనుమానమైనా రాలేదు. అసలు పుస్తకంలోంచి తల ఎత్తి చూస్తే కదా.