కదిలితేనే వెలిగే షోరూం

పిలవకముందే పలికేవాడు, గుడి మెట్టు ఎక్కలేక కింద కూర్చున్న ముసలివాడిని కూడా పేరుపెట్టి ఎరిగినవాడు, మా నరసింహస్వామికి ముందుగా వేయి దండాలు. ఆయన దయ ఉంటే ఈ నాలుగు మాటలూ తిన్నగా సాగుతాయి.

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, మనిషికి చదువు లేకపోయినా చేతిలో కాస్త మంచి ఫోను ఉంటే చాలు, ఇంజనీరు కింద జమ కట్టేవారు. నాకు చదువూ అంతంతే, ఫోనూ అంతంతే. కానీ నల్లగొండలో నేను పనికి కుదిరిన పట్టుచీరల షోరూంలో మిగతావాళ్లకు అది కూడా లేదు. మాది కట్టంగూరు దగ్గరి చేనేత కుటుంబం. బాపు మగ్గం మీద, నేను శనివారం భజనలో చిడతల మీద తప్ప, మరే పరికరం మీదా ధైర్యంగా చెయ్యి వేసినవాళ్లం కాదు. అయినా మా సేటు (మా కులపాయనే, డబ్బు వచ్చాక అందరికీ సేటు అయ్యాడు) ఒకనాడు నన్ను పిలిచి, "ఇగో పంతులూ, రేపటి సంది లైట్లన్ని నీ చేతిలనే" అన్నాడు. నా నుదుటి నామం చూసి షోరూంలో నన్ను అందరూ పంతులనే పిలిచేవారు. అంత పెద్ద బాధ్యత అప్పగించాడని ఆ పూట నేను కొబ్బరికాయ కూడా కొట్టాను.

సంగతేమిటంటే, హైదరాబాదు నుంచి ఒకాయన టై కట్టుకుని వచ్చి, వైర్లు లేకుండా లైట్లు నడిపించే విద్యను సేటుకు ఉపదేశించి పోయాడు. నేను పక్కనే నిలబడి ప్రవచనం విన్నంత భక్తిగా విన్నాను. గోడలు పగలగొట్టే పని లేదట. స్విచ్చి ఎక్కడ కావాలంటే అక్కడ అంటించుకోవచ్చట. మూడంతస్తుల లైట్లను ఒక్క ఫోనుతో ఆర్పవచ్చట. మనుషులుంటే వాటంతట అవే వెలుగుతాయి, లేకపోతే వాటంతట అవే ఆరిపోతాయి. న్యాయంగా చెప్పాలంటే ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. గోడలు చెక్కుచెదరలేదు, కరెంటు బిల్లు నిజంగానే తగ్గింది. స్విచ్చి ఎక్కడైనా అంటించుకోవచ్చన్నాడు కాబట్టి, సేటు పై అంతస్తు స్విచ్చిని పట్టుకుపోయి కింద తన గల్లాపెట్టె పక్కన అంటించుకున్నాడు. పైన చీకటి పడితే కిందికి పరుగెత్తాలి. దాన్ని కూడా సౌకర్యమనే అనుకోవాలి.

టై సారు చెప్పకుండా వదిలేసింది ఒకటుంది. సీలింగులో గుండ్రంగా బిగించిన కన్ను, అదే సెన్సరు, మనిషిని చూడదు, మనిషి కదలికను చూస్తుంది. మా భజన మండలిలో చిన్నప్పటినుంచీ నేర్పింది వేరు. నిశ్చలంగా కూర్చున్నవాడి మీదే దేవుడి చూపు నిలుస్తుందన్నారు. ఈ కొత్త దేవుడికి గంతులేసేవాడే భక్తుడు. కదలకుండా కూర్చున్నారా, మీరు ఈ లోకంలో లేనట్టే! పైగా సేటు, "ఎవ్వలు లేని జాగల కరెంటెందుకురా?" అని లైట్లు ఆరిపోయే గడువును ఎంత తగ్గించవచ్చో అంతా తగ్గింపజేశాడు. దాంతో చీర చేతిలో పట్టుకుని ఆలోచనలో పడ్డ ప్రతి ఆడమనిషి మీదా చీకటి పడేది. (ఆలోచించకుండా పట్టుచీర కొనే ఆడమనిషిని టై సారు ఎక్కడ చూశాడో!) నేను వెంటనే ఒక చీర మడత అందుకుని, చీరలు పరిచే పరుపుల మధ్యకు పోయి, స్వామికి వింజామర వీచినట్టు ఆ కన్ను కింద అటూ ఇటూ ఊపేవాడిని. లైట్లు వచ్చేవి. లైట్లన్నీ నా చేతిలోనే అన్న మాటకు అర్థం అప్పుడు తెలిసింది.

ఇట్లా సాగుతుండగా దేవరకొండ నుంచి ఒక పెళ్లి బలగం దిగింది. మనుషులు ముగ్గురే: పెళ్లికూతురు, ఆమె తల్లి, పెళ్లికొడుకు మేనత్త. ఆ మేనత్త ఒక్కతే ఒక బలగం. మెట్లెక్కుతూ తల్లి నా పక్కకు వచ్చి మెల్లగా చెప్పింది: "జర మంచియి చూపియ్యి బిడ్డా. గామెకు గీ సంబంధం ఇష్టం లేదు. ఏదన్న వంక దొరికితె చాలు, వాళ్ల అన్నతోని చెప్పి నా బిడ్డ పెండ్లి ఆపిస్తది."

వంకలకు కొదవ లేకుండా పోయింది. "గిదేం రంగు, ఉడికిన వంకాయ లెక్క!" "గిది కడితె అంచే కనవడ్తది, పిల్ల కనవడదు." పసుపు మీద ఎర్ర అంచున్న చీర దగ్గర పెళ్లికూతురి చెయ్యి ఆగిపోయింది. తల్లి అది చూసి మేనత్తను బతిమాలింది. ఆమె చాలాసేపు ముక్కు విరిచి, చివరకు "సరె తియ్యి, ఒడిల వెట్టున్రి" అంది.

మా దిక్కు కొన్ని ఇళ్లల్లో ఒక ఆనవాయితీ ఉంది. ముహూర్తపు చీరను పెళ్లికూతురి ఒడిలో పెట్టి, అందరూ కళ్లు మూసుకుని ఇలవేల్పును తలుచుకుంటారు. పెద్దామె కళ్లు తెరిచేదాకా ఎవరూ కదలకూడదు, పలకకూడదు. "పెద్దమ్మా, జర చేతులు ఊపుకుంట మొక్కున్రి" అని ఎట్లా చెప్పడం? నేను చీర మడత అందుకునేలోపే ముగ్గురూ కళ్లు మూశారు. అలవాటు కొద్దీ నేనూ మూశాను. ఎవరైనా దండం పెడుతుంటే పక్కన ఊరికే నిలబడలేని ఒళ్లు నాది. "స్వామీ, లైట్లు పోకుండా చూడు" అని కదలకుండా, మెదలకుండా, ప్రాణమంతా పెట్టి మొక్కాను.

లైట్లు పోయాయి.

"అయ్యో! ముహూర్తం చీర ఒడిల ఉండంగనే దీపం మలిగింది!" అని మేనత్త కేక వేసింది. "ఎవ్వలు కదలకున్రి! గీ గడియల అడుగేస్తె ఇంక కీడు!"

దాంతో భయం కొద్దీ అందరం రాళ్లలా బిగుసుకుపోయాం. మేం ఎంత బిగుసుకుంటే చీకటి అంత గట్టిగా నిలబడింది. అది యంత్రమని నాకు తెలుసు. కానీ అపశకునం గడియలో కదలకూడదని నాకూ చిన్నప్పుడే నూరిపోశారు. తెలిసిన బుర్రను భయపడ్డ కాళ్లు కదలనివ్వలేదు. నేను నిలబడ్డ మూలకు ఆ కన్ను చూపు ఆనదు; అక్కడే జేబులోంచి ఫోను తీస్తే, తెర మీద చక్రం ప్రదక్షిణలు చేస్తోంది తప్ప లైట్ల బొమ్మ రావడంలేదు.

"నేను ముందే అన్న వదినె," మేనత్త గొంతులో దుఃఖం కన్నా తృప్తే ఎక్కువ వినిపించింది. "గీ పిల్లతోని మా ఇంట్ల దీపం నిలవడదు. పోయి మా అన్నకు చెప్త."

"గట్లనకు వదినె, నీ కాళ్లు మొక్కుత," అని తల్లి ఏడుపు అందుకుంది.

అప్పుడు చీకట్లో గాజులు గలగలమన్నాయి. పెళ్లికూతురు కుడిచెయ్యి పైకెత్తి, నిదానంగా, లోకాన్ని దీవిస్తున్నట్టు ఇటునుంచి అటు ఊపింది. ఒక్కసారిగా హాలంతా భగ్గుమంది. ఒడిలో చీర బంగారంలా మెరిసింది. "అవ్వో! పిల్ల చెయ్యెత్తితె వెలుగొచ్చింది! లచ్చిమే, సాక్షాత్తు లచ్చిమే!" అని మేనత్త లేచి, ఇందాక కాదన్న పిల్లకే మెటికలు విరిచింది. (అంత యంత్రజ్ఞానం గల నేను ఏం చేశానంటారా? రెండు చేతులూ జోడించి వంగాను.) తేరుకుని, సత్యమే చెప్పాలి కదా అని "పెద్దమ్మా, అది పైన..." అనబోయాను. కేకలు విని పైకొచ్చిన సేటు నా నడుం గట్టిగా గిల్లాడు. "పంతులూ, చీర మడత వెట్టు."

దిగేటప్పుడు పెళ్లికూతురు వెనక పడింది. నవ్వు ఆపుకుంటూ అంది: "అన్నా, హైదరాబాదుల మా ఆఫీసు బాత్రూంల గూడ గిసొంటియే ఉన్నయి. దినాం చెయ్యి ఊపుడే."

"మరి మీ పెద్దామెకు చెప్పకపోయినవా?"

"మిషినంటె నమ్మకపోతుండె. దేవుడంటె నమ్మింది."

పెళ్లి దివ్యంగా జరిగింది. తరువాత ఆ తల్లి మళ్లీ షోరూంకు వచ్చినప్పుడు పిల్ల ఎట్లుందని అడిగితే నిట్టూర్చింది: "ఏం చెప్పాలె బిడ్డా! చుట్టాలల్ల ఏ శుభకార్యమైనా నా బిడ్డే దీపం వెట్టాలంటది గామె. ఆదివారమొస్తె పిల్లకు బస్సులల్లనే తెల్లారుతది."

ఆఫీసు బాత్రూంలో అలవాటైన మహిమకు చేతులు జోడించి వంగిన అప్పటి నేను గుర్తొస్తే ఇప్పటికీ ఒక్కడినే నవ్వుకుంటాను. ఇప్పుడైతే అంత తేలిగ్గా వంగను. అది తెలివి పెరగడమో, భక్తి తగ్గడమో తేల్చుకోలేక కాస్త దిగులుపడతాను కూడా. ఒక పిల్ల పెళ్లి నిలబడిందంటే స్వామి ఆ వంకర యంత్రంతో కూడా పని చేయించుకున్నాడనే నా నమ్మకం. చదువుతున్న మీరు కూడా ఒక్క క్షణం నాతో కలిసి ఆయనను అడగండి: స్వామీ, ఆ తల్లి బిడ్డ కాపురం చల్లగా ఉండాలి. వచ్చే ఆదివారమైనా ఆ దీపం ఇంకెవరిచేతనైనా పెట్టించి, ఆ పిల్లను కాసేపు ఇంటిపట్టున పడుకోనివ్వు.