ఇంజన్‌కు ఏ గోత్రం?

తాత కొన్న మా పాత అంబాసిడర్ ఇంజన్ పగిలిపోతే, గద్వాల మెకానిక్ తుక్కుకు వచ్చిన ఇంకో అంబాసిడర్ ఇంజన్ తెచ్చి బిగించాడు. ఈ రోజు బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి దగ్గర కారుకు పూజ చేయించాం.

పూజారి గోత్రం అడిగేసరికి తికమకపడ్డాను.

"కారు మాదే స్వామీ. లోపల ఇంజన్ ఎవరింటిదో తెల్వదు" అన్నాను.

ఆయన కూడా హారతి పళ్లెం పట్టుకుని ఆలోచనలో పడ్డారు. అమ్మ విసుక్కుంది.

"గింతదానికి పరేషాన్ ఏందిరా? కోడలు ఇంటికొచ్చినంక మన గోత్రమే చెప్తం గద! దీనికి గూడ గట్లనే."

పూజ అయిపోయింది. కారెక్కుతూ మా ఆవిడ నా చెవిలో అడిగింది.

"మరి పుట్టింటికి ఎప్పుడు పంపుతరు?"

కృష్ణ వంతెన దాటి వనపర్తి చేరేదాకా ఆ మాటే తిప్పి తిప్పి ఆలోచించాను. ఆమె అడిగింది ఇంజన్ గురించేనా? మీకేమైనా అర్థమైతే జర చెప్పండి.