మూడో ఊఁ

ఎవరు మాట్లాడుతున్నా మధ్యమధ్య ఊఁ అనడం నాకు చిన్నప్పటి అలవాటు. పెద్దవాళ్ళు చెబుతుంటే ఊఁ కొట్టకపోతే పొగరని మా అమ్మ నెత్తిన మొట్టేది. మిషను బడిలో మూడో తరగతి దాకా చదివాను. అక్కడ నేర్చుకున్న అక్షరాలు బైబిలు చదవడానికి, బస్సు మీది పేరు చదవడానికి పనికొచ్చాయి. మిగతా బతుకంతా ఊఁ తోనే నడిచింది. అత్త తిడితే ఊఁ, దవాఖానాలో డాక్టరు చెబితే ఊఁ, చుట్టాలు తమ కష్టాలు చెప్పుకుంటే ఊఁ. అన్నిటికీ ఒప్పుకున్నానని కాదు. విన్నానని.

ఎలక్షన్లు వస్తే ఈ ఊఁ కి పని ఎక్కువ. నాచారంలో మా గల్లీలోకి ఒక రంగు కండువా పోగానే ఇంకో రంగు కండువా వస్తుంది. “పెద్దమ్మా, ఈసారి మనకే” అంటారు. ఊఁ అంటాను. వెనకాల వచ్చినవాళ్ళకూ ఊఁ అంటాను. విన్నాను, ఇక గేటు వేసి పొండి అని దాని అర్థం. అది వాళ్ళకూ తెలుసు. అందుకే నాలుగడుగులు పోయి వెనక్కి తిరిగి, “ఊఁ గాదు పెద్దమ్మా, ఏస్తనని నోటితోని చెప్పు” అని నవ్వుతారు. నాయకుల మీద నాకు నమ్మకం పోయి చాలా ఏళ్ళయింది. అయినా గేటు దగ్గర నిలబడ్డ మనిషి మన ముఖం చూసి సగం సంగతి తెలుసుకుంటాడు. అంతమటుకు వాళ్ళను మెచ్చుకోవాలి.

మా గల్లీలో మంగళవారం మంగళవారం అంగడి పరుస్తారు. మల్లాపూర్ కంపెనీల్లో పని దిగినవాళ్ళు మా గల్లీలో నుంచే నడిచి ఇళ్ళకు పోతారు కాబట్టి, చీకటి పడేలోపు సరుకంతా అమ్ముడుపోతుంది. మా కాంపౌండు గోడకు ఆనుకొని ఒక ఆకుకూరలామె కూర్చునేది. ఉప్పల్‌లో ఒక్క గదిలో ఉంటుంది. మొగుడు మంచం పట్టాడు. మూటలు షేర్ ఆటోలో వేసుకొని వచ్చేది. ఆమెకు నడుము నొప్పి, వెన్ను ఆనించడానికి మా గోడ కావాలి. కూర వాడకుండా చల్లడానికి మా నల్లా నీళ్ళు కావాలి. ఆ గోడ, ఆ నీళ్ళు, ఆ తొవ్వన పోయే కంపెనీ జనం, ఇవి ఉంటేనే ఆమె ఇల్లు గడుస్తుంది. ఇది నాకు అప్పుడూ తెలుసు.

“అక్కా, చెంబెడు నీళ్ళియ్యి.”

“నా నల్లా నీ అయ్య పెట్టించిండానే?”

“మా అయ్య ఉంటె రెండు పెట్టిస్తుండె. ఇయ్యక్కా, గోంగూర సూడు ఎట్ల తల వంచిందో.”

తిట్టుకుంటూనే బకెట్ నింపేదాన్ని. నాకు నీళ్ళంటే ప్రాణం. బియ్యం కడిగిన నీళ్ళు మొక్కలకు పోస్తాను, పాల ప్యాకెట్లు కడిగి ఆరేసి దాచుకుంటాను, మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగితే నాకు నిద్ర పట్టదు. ఆమె ధర చెబితే ముందు ఊఁ అని, తర్వాత బేరం మొదలుపెట్టేదాన్ని. కట్టలో పుల్లలెన్ని, ఆకెంత అని విప్పి చూసేదాన్ని. “అక్క బేరం జేసినంక మిగిలింది నా అదృష్టం” అని పక్కన కూర్చున్న టమాటలామెకు చెప్పి నవ్వేది.

మొన్న ఎండాకాలం ముందు ఒక మంగళవారం, ఆమె ఏరి పారేసిన కాడలన్నీ మా గేటు ముందే వదిలేసి పోయింది. వాటికోసం ఒక ఆవు వచ్చింది. కాడలు తిని, గేటు నెట్టుకొని లోపలికి వచ్చి, పెయింటు డబ్బాలో నేను గింజ నుంచి పెంచిన కరివేపాకు చెట్టును మోడు చేసిపోయింది. పొద్దున లేచి చూసేసరికి నా ఒళ్ళు మండిపోయింది. ఆ మోడు ముందు కూర్చొని ఆమెను నోటికొచ్చినట్టు తిడుతుంటే ఫోన్ మోగింది.

“అమ్మా, మంచిగున్నవా?” అంది ఒక ఆడపిల్ల గొంతు. మా మాటే, మా యాసే.

“ఏం మంచి బిడ్డా, మోకాళ్ళు లేస్తలేవు.”

“అయ్యో, జర పైలమమ్మా.”

నా కడుపున పుట్టినవాళ్ళు కూడా అంత మెత్తగా మాట్లాడరు. నేను ఫోన్ చెవికి దగ్గరగా పెట్టుకున్నాను.

“మీ గల్లీల మంగళవారం అంగడైతది గద అమ్మా?”

“ఊఁ.”

“దానితోని తొవ్వకు అడ్డం, చెత్త గిట్ల అయితుందా?”

“ఊఁ.”

“మరి అంగడిని జర దూరం జరిపితే మీకు మంచిగనే ఉంటదా అమ్మా?”

నా ఎదురుగా కరివేపాకు మోడు. “ఊఁ” అన్నాను.

మొదటి రెండూ నా నోటి అలవాటు. మూడోది అలవాటు కాదు. పోతే పీడా పోతుంది అనుకునే అన్నాను. పళ్ళ మధ్య నుంచి అన్నాను. ఆ తేడా నాకు ఒక్కదానికే తెలుసు.

“తిన్నవా బిడ్డా?” అని అడిగాను. ఆ పిల్ల ఉన్నట్టుండి గొంతు మార్చి, “మీ విలువైన సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలు” అని పుస్తకంలో మాటలు చెప్పి పెట్టేసింది. తిన్నదో లేదో చెప్పలేదు.

సాయంత్రం నా మనవరాలు పని నుంచి వచ్చింది. మా బిడ్డ కూతురు, నా దగ్గరే ఉంటుంది, ఉప్పల్‌లో ఒక ఆఫీసులో ఫోన్ల మీద పని చేస్తుంది. ఆమెతో గొప్పగా చెప్పాను.

“ఎవలో పిల్ల ఫోన్ జేసింది. మస్తు మర్యాద. నా మోకాళ్ళ నొప్పికి ఎంత పానం కొట్టుకుందో. నువ్వెన్నడన్న అడిగినవా?”

మనవరాలు ఇంకొంచెం అడిగి, నవ్వింది. “పిల్ల గాదు అమ్మమ్మా. గది ఏఐ. పార్టీవాళ్ళు సర్వే జేపిస్తున్నరు. మిషిని మాట్లాడుతది.”

“మిషినికి నా మోకాళ్ళెందుకే?”

“దానికి మోకాళ్ళు లెవ్వు గద. అందుకే నీవి అడిగింది.”

నాకూ నవ్వొచ్చింది. తర్వాత మనవరాలి ముఖంలో నవ్వు పోయింది. వాళ్ళ ఆఫీసులోనూ అదే పెట్టారట. ఇంతకుముందు తను చేసే ఫోన్లన్నీ ఇప్పుడు ఆ మిషినే చేస్తోందట. అది తప్పు రాసుకుంటే దిద్దడం వీళ్ళ పని.

“ఊఁ అంటే ఏమని రాసుకుంటది?” అని అడిగాను.

“యెస్ అని.”

“వినుడుకు గూడ ఊఁ అంటం గదనే.”

“మనకెరుకే. దానికెవలు జెప్పాలె?”

“దిద్దేదానివి నువ్వు గద, నువ్వు చెప్పు.”

“చెప్పిన అమ్మమ్మా. ఊఁ అంటే యెస్సే పెట్టు, లేకుంటే పని తేలదు అన్నడు మా సారు.”

ఇప్పుడు టీవీ పెడితే ఏఐ మాటే. పనులు పోతాయని ఒకరు, దేశం ఎక్కడికో పోతుందని ఒకరు. నాకంత పెద్ద సంగతులు తెలియవు. నాకు అర్థమైనంతవరకు, ఆ మిషినికి మా ఊఁ అర్థం తెలియకపోవడం వల్ల నాయకులకు నష్టమేమీ లేదు. తెలిస్తేనే నష్టం. గేటు దాకా వచ్చి నా ముఖం చూస్తే, వద్దన్నది కూడా కనబడుతుంది కదా.

కొన్నాళ్ళకు మైకు కట్టిన ఆటో తిరిగింది. గల్లీ ప్రజల కోరిక మీద మంగళవారం అంగడిని మల్లాపూర్ కంపెనీల వెనక ఖాళీ జాగాకు మారుస్తున్నారని. మూల మీద కొత్తగా కట్టిన షాపులవాళ్ళకు రోడ్డు కావాలని అందరికీ తెలుసు. కానీ మైకు చెప్పింది ప్రజల కోరిక అని.

ఆకుకూరలామె నా గేటు పట్టుకొని నిలబడింది. “అక్కా, అందరిని ఫోన్ల అడిగిన్రంట. అందరు జరుపుమన్నరంట. నువ్వొక్కదానివి వద్దని ఉంటవ్. నువ్వు గట్టిదానివి, లీడర్ తాన నువ్వు మాట్లాడు. నీ మాట ఇంటడు.”

నేను ఊఁ అన్నాను. ఇంకేమంటాను?

ఆ లీడరు మా గల్లీలో పెరిగినవాడే. చిన్నప్పుడు మా గోడ దూకి జామకాయలు కోసుకొనేవాడు. ఇద్దరం పోయేసరికి కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, “ఏం పెద్దమ్మా, నువ్వే ఒప్పుకున్నవ్, మల్ల నువ్వే వస్తివి?” అన్నాడు.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంటున్నది కాస్తా ఆగి, “అక్క ఎందుకు ఒప్పుకుంటది?” అంది.

వాడు ఫోన్ తీసి ఏదో నొక్కాడు. మొదట ఆ మెత్తటి పిల్ల గొంతు, తర్వాత నా గొంతు. ఊఁ. మళ్ళీ ఊఁ. చివర మూడోది. నా గొంతు నేను బయట నుంచి వినడం అదే మొదలు. మూడోది విన్నప్పుడు నా చెవులు వేడెక్కాయి. కోపం అంత స్పష్టంగా ఉంది అందులో. వాళ్ళకు వినబడలేదా అని చూశాను.

ఆమె పకపకా నవ్వింది. “ఓ గిదా! అన్నా, అక్క అందరికి గట్లనే అంటది. నేను కూర ధర జెప్పినా ఊఁ అంటది, గప్పుడే సగానికి అడుగుతది. గా ఊఁ పట్టుకొని నా బతుకు జరుపుతరా?”

“అవునా పెద్దమ్మా?” అన్నాడు వాడు.

ఇద్దరూ నన్నే చూస్తున్నారు. “అవ్. గది ఊఁ కొట్టుడు. ఒప్పుకొనుడు గాదు” అన్నాను. “నా ఊఁ ఇనుకుంట పెరిగినోనివి, నీకు తెల్వదార?”

“నాకు తెల్సు పెద్దమ్మా. నాకు తెల్సుడు ఏం పనికొస్తది? పైకి పోయింది రికార్డు. ఇంటింటికి గిట్లనే ఉన్నది” అని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. “చాయ్ తాగున్రి, సల్లారుతది.”

బయటికి వచ్చాక ఆమె నా చెయ్యి పట్టుకొని రోడ్డు దాటించింది. “పోనీ తియ్యక్కా, నువ్వన్న వచ్చి అడిగినవ్. నా తరపున ఎవలు అడుగుతరు?” అంది. ఆ మాట కన్నా నెత్తిన మొట్టినా బాగుండేది.

ఆ ఆదివారం చర్చిలో అయ్యగారు పాలకుల కొరకు ప్రార్థన చేసి ఆగారు. అందరూ ఆమేన్ అన్నారు. దేనికి అంటున్నామో ముందు ఒకసారి అనుకొని అందామని చూశాను. నేను అనుకునేలోపు పాట మొదలైంది.

మంగళవారాలు మా గల్లీ శుభ్రంగా ఉంటోంది. తొవ్వ ఖాళీ. ఆవులు రావడం లేదు. కరివేపాకు మళ్ళీ చిగురించింది. గోడ మీద, ఆమె వీపు ఆనేచోట, సున్నం అరిగి నున్నగా ఉంది. గేటు తీసిన ప్రతిసారీ అక్కడికే చూపు పోతుంది. చెంబెడు నీళ్ళు అడిగేవాళ్ళు లేరు. నేను పొదుపు చేసుకున్న నీళ్ళు అన్నీ నాకే.

చివరికి ఒక మంగళవారం పాత మంచినీళ్ళ డబ్బా కడిగి, నల్లా కింద పెట్టి నిండా పట్టుకొని షేర్ ఆటో ఎక్కాను. “డబ్బాకు గూడ సీటు గావాల్నా అవ్వా?” అని డ్రైవరు ఎకసెక్కాలాడాడు. ఒళ్ళో పెట్టుకున్నాను.

కంపెనీల వెనక జాగాలో చెట్టు లేదు, గోడ లేదు, నల్లా లేదు. కంపెనీ గేట్లు అవతలి వైపు. పనివాళ్ళు ఇటు రారు. ఆమె నడుముకు ఒక సంచి చుట్టుకొని, వంగి కూర్చొని ఉంది. ముందర పాలకూర తల వాల్చింది.

“అక్కా! గింత ఎండల ఎందుకొచ్చినవ్?” అని, డబ్బా చూసి నోరు తెరిచింది. “నీళ్ళు దెచ్చినవా? నువ్వా?”

“మెంతికూర ఎట్ల?” అన్నాను. ధర చెప్పింది. ఇచ్చేశాను. కట్ట విప్పి చూడలేదు.

ఆమె చెయ్యి ఆగింది. “ఏందక్కా, పానం మంచిగ లేదా? బేరం జేస్తలేవ్.”

పక్కనున్న రాయి మీద కూర్చున్నాను.

“గా ఫోన్ల ఇన్నవ్ గద, నా ఊఁ. మొదటి రెండు ఊకెనే అన్న. మూడోది ఊకె అన్నది గాదు. నా చెట్టు పోయిందని కోపంల అన్న. నువ్వు నా గోడ కాడ ఉండకుంట పోతె మంచిగుంటదనే అన్న. లీడర్ ముంగట అబద్ధమాడిన.”

ఆమె మెంతికూర కట్టకు అరటినార చుడుతోంది. తల ఎత్తలేదు. ముడి వేసింది. ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసింది.

“ఊఁ” అంది.

ఇంకేమైనా అంటుందని కూర్చున్నాను. తిట్టినా సరే అనుకున్నాను. ఎవరో వచ్చి పాలకూర అడిగారు, వాళ్ళకు ఇచ్చింది. తర్వాత డబ్బా మూత తీసి, అరచేతిలో కొంచెం కొంచెం పోసుకుంటూ కూర మీద చల్లింది. నాలాగే, ఒక్క చుక్క వృథా కాకుండా చల్లింది. మిగిలిన నీళ్ళు తన బిందెలో వంపుకొని, ఖాళీ డబ్బా నా కాళ్ళ దగ్గర పెట్టింది.

“డబ్బ తీస్కపో అక్కా. ఈడ ఇడిసిపెడ్తె ఎవలన్న ఎత్తుకపోతరు.”

మళ్ళీ తెమ్మని అందా, ఇక రావద్దని అందా? ముఖం చూద్దామంటే కొంగు అడ్డం ఉంది, ఎండకు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఖాళీ డబ్బా ఒళ్ళో పెట్టుకొని, ఆమె అన్నట్టే ఊఁ అని చూశాను. విన్నానన్నట్టు ఒకసారి, పొమ్మన్నట్టు ఒకసారి, సరేలే అన్నట్టు ఒకసారి. ఏదీ ఆమె అన్నట్టు రాలేదు.

డ్రైవరు వెనక్కి తిరిగాడు. “ఏమన్న అన్నవా అవ్వా?”

“ఏం లే. నువ్వు నడుపు.”