బొడ్డు సరిచేసిన చేతులు

నెల క్రితం విశాఖపట్నంలో పెద్ద డాక్టరుగారు మా అన్నయ్య పొట్ట మీద, బొడ్డుకు కాస్త పైన, గుండెతో పాటు కొట్టుకుంటున్న ముద్దను నా వేళ్లకు తగిలించినప్పుడు, రాయగడలో మా చింతపండు కొట్టు వెనక గదీ, వేడి ఆముదం వాసనా గుర్తొచ్చాయి. చిన్నప్పుడు అలాంటి ముద్దే మా నాన్న పొట్టలోనూ తగిలేది.

బొడ్డు పక్కకు జరిగిందనుకునేవాళ్లం. లక్ష్మీపూర్ సంత నుంచి నాన్న నడుం నొప్పితో వచ్చినప్పుడల్లా అమ్మ ఆముదం వెచ్చచేసి, ఆ ముద్దను బొడ్డు వైపు నెమ్మదిగా నొక్కేది. "నాకే కాదే, నా బొడ్డుక్కూడా నువ్వంటే బయ్యమే" అని నాన్న నవ్వేవాడు. ఒక వేసవిలో అలా నొక్కించుకున్న సాయంత్రమే ఒళ్లు చల్లబడి, ఆసుపత్రికి బండి కట్టేలోపే పోయాడు.

పెద్ద రక్తనాళం అక్కడ బుడగలా ఉబ్బుతుందనీ, ఆ ఉబ్బులో నెత్తురు పొర మీద పొరగా గడ్డకడుతుందనీ డాక్టరుగారు చెప్పారు. గోడనంటిన పాత పొరలు గట్టిగా, పారే నెత్తురు తగిలే కొత్త పొర మెత్తగా ఎర్రగా ఉంటాయట. రోజుకో పూతగా అమ్మ ఎండబెట్టే మామిడి తాండ్ర కళ్లముందు మెదిలింది. ఆ పొరలెన్ని ఉన్నా గోడ చిరగదన్న నమ్మకం లేదనీ, పొట్ట ఎవరినీ నొక్కనివ్వొద్దనీ అన్నారు. నాన్న సంగతి అడిగితే, నొక్కకపోయినా పగిలేదేమో, చెప్పలేమన్నారు. బడి లేకుండానే లెక్కలు నేర్చుకుని, బస్తాను చూసి తూకం చెప్పగలిగే నేను ఆ మాటను రైల్లో దారంతా తిరగేసి చూశాను. తేలలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ ఆముదం వెచ్చచేసి కూర్చుంది.

"ఏటన్నాడ్రా డాక్టరు? బొడ్డే గదా. మీ నాన్నకి సేసినట్టే సేసెత్తాను, అన్నని ఇలా పడుకోమను."

ఆపరేషనుకి మద్రాసు తీసుకెళ్లాలన్నారనీ, అందాకా పొట్ట ముట్టుకోవద్దన్నారనీ చెప్పాను.

"మరి మీ నాన్నకి?" అంది.

"అది వేరమ్మా" అన్నాను.

అమ్మ వెచ్చచేసిన ఆముదం వృథా చేయడం ఇష్టంలేనట్టు, తన మోకాళ్లకే రాసుకుంది.

అన్నయ్య ఇప్పుడు మద్రాసు ఆసుపత్రిలో ఉన్నాడు. నాన్న రోజుల్లో లేని వైద్యం అతనికి అందుతోంది, అది అదృష్టమే. కానీ నిన్న నా చిన్నకూతురు కడుపునొప్పంటూ నాన్నమ్మ ఒళ్లో తల పెట్టుకుంటే, "డాక్టరు కాడికెల్లు, అమ్మీ" అని అమ్మ దాన్ని లేపేసింది. మా చిన్నప్పుడు ఏ నొప్పికైనా ముందుగా తగిలింది ఆ చేతులే. పిల్ల వెళ్లాక చాలాసేపు అవి ఆమె ఒళ్లోనే, ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.