మోకాలికి స్కేలు కట్టుకున్న మనిషి

మా నగరంలో పొద్దున్న ఏడైతే చాలు, లక్షలమంది బస్సు అందుకోవడానికి పరుగెత్తుతారు. ఒక్క పెద్దమనిషి మాత్రం బస్సు తప్పిపోవడానికి బస్టాపుకు వెళ్లేవారు. పొరపాటున తప్పిపోవడం కాదు, పనిగట్టుకుని తప్పిపోవడం. రైలు దిగి, భుజాన సంచి తగిలించుకుని, కుంటుకుంటూ నింపాదిగా నడిచి, కళ్లముందు బస్సు కదిలి మలుపు తిరిగేదాకా చూసి, చేతిలో గడియారం నొక్కి, "పోయింది!" అనేవారు. ఆ మొహంలో వెలుగు చూస్తే పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చిందేమో అనుకోవాలి.

ఆయన ఉద్యోగం మా నగర ప్రణాళికా కార్యాలయంలో. ఏ రైలు దిగినవాళ్లు ఏ బస్సు ఎక్కాలి, మధ్యలో ఎక్కడ నడవాలి, ఎక్కడ నీడ ఉండాలి, ఎక్కడ పార్కు రావాలి అని ఆలోచించడానికి ప్రభుత్వం ఆయనకు జీతం ఇచ్చేది. ఆయన ఆలోచించినవి గీయడానికి నాకు ఇచ్చేది. పదకొండేళ్లు ఆయన పక్క బల్లే నాది. ఆఫీసులో అందరూ ఆయన్ను తప్పిన బస్సు సారు అనేవాళ్లు, వెనకాల. ఆయనకు తెలిశాక ఎదుటే అనడం మొదలెట్టారు. ఆయన పలికేవారు కూడా.

కండక్టర్లందరికీ ఆయన తెలుసు. ఒకాయన జాలిగుండె మనిషి, బస్సు ఆపించి తలుపు దగ్గర నిలబడేవాడు.

"రండి సార్, ఆపించాను! నెమ్మదిగా ఎక్కండి!"

"వద్దు నాయనా, నువ్వెళ్లు."

"మీ కోసమే ఆగాం సార్!"

"అదే నా బాధ. ఆగకు. నేను తప్పిపోవడానికి వచ్చాను."

ఒకసారి ప్రయాణికులే దిగి, "పాపం పెద్దాయన, ఎండదెబ్బేమో" అని చెరో రెక్కా పట్టుకుని లోపల కూర్చోబెట్టేశారు. ఆ రోజు ఆయన నోటుపుస్తకంలో ఇలా ఉంది: "బలవంతంగా ఎక్కించారు. లెక్కలోకి రాదు. రేపు మళ్లీ తప్పిపోవాలి."

ఆ కుంటడం మాట చెప్పాలి. ఆయనకు మోకాలు దివ్యంగా ఉండేది. దాన్ని వంగకుండా చేయడానికి మా డ్రాయింగు గదిలోని చెక్క స్కేలు ఒకటి కాలి వెనక పెట్టి, రెండు రుమాళ్లతో కట్టేవారు. మరిచిపోయి మోకాలు వంచితే పుటుక్కున విరిగేది. నెలకు రెండు. స్టోర్‌కీపరు నా ముందు రిజిస్టరు పడేసి నిలదీసేవాడు.

"ఏమ్మా, మీ గదిలో చెదపురుగులు స్కేళ్లు మాత్రమే తింటాయా? బల్లలు రుచించవా?"

నేనేం చెప్పను? సారు మోకాలు తింటోందని చెప్పనా?

సంచి సంగతి ఇంకా గొప్పది. అందులో మా నగర బృహత్ ప్రణాళిక రెండు సంపుటాలూ, ఒక అనుబంధమూ ఉండేవి. పదేళ్లు కష్టపడి అచ్చువేసిన ఆ పుస్తకాలు మా ఆఫీసులో ఎవరికైనా నిజంగా ఉపయోగపడ్డాయంటే అది ఆయనకే, బరువుగా. కూరగాయల కొట్లో తూకం వేయిస్తే సంపుటాలు ఆరు కిలోల చిల్లర తూగాయట. అనుబంధం పెడితే సరిగ్గా ఏడు.

"ఏం పండించారు సార్ ఇందులో?" అని అడిగాడట కొట్టతను.

"మాటలు నాయనా. పదేళ్ల పంట."

"ఏడు కిలోలే ఎందుకు సార్? అయిదు చాలదా?" అని నేను అడిగాను. "ఏడంటే ఏడే" అన్నారు. సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

ఆయన భార్య స్కూల్లో లెక్కల టీచరు. నన్ను చూస్తే చాలు, మొగుడి మీద ఫిర్యాదుల పెట్టె తెరిచేది. "నీకేమమ్మా, ఆఫీసువరకే. నాకు జీవితం! మొన్న మా అన్నయ్య కూతురి పెళ్లికి బయలుదేరాం. దారిలో మూడు బస్సులు తప్పించారు. మేం వెళ్లేసరికి కుర్చీలు మడిచేస్తున్నారు. ఈయనతో పెళ్లికి బయలుదేరితే వాళ్ల పిల్లల పెళ్లికి చేరుకుంటాం!"

"మూడో బస్సు నిజంగానే తప్పిపోయిందే. నిజం." పక్కనే నిలబడ్డ ఆయన గొంతులో మహా సంతోషం.

ఇక అసలు తగాదా. మా నగరంలో అన్నిటికన్నా ఇరుకు కూడలిలో ఒక పక్క రైల్వే స్టేషను, ఇంకో పక్క బస్టాండు. మధ్యలో మా శాఖవాళ్ల గెస్ట్‌హౌసు, దాని చుట్టూ మూడెకరాల తోట. ఎనభై ఏళ్ల చెట్లు. చుట్టూ ఎత్తు గోడ, రెండు గేట్లు, రెండు తాళాలు. లోపల పొద్దున్నే నడిచేది ఒకే ఒక్క ప్రాణి: మా డైరెక్టరు, అంటే పెద్దసారు. డాక్టరు నడవమన్నాడు ఆయన్ను. మిగతా ముప్ఫై వేలమందిని ఏ డాక్టరూ చెప్పకుండానే ఆ గోడ చుట్టూ ఎండలో నడిపిస్తున్నాం మేం, పగిలిన ఫుట్‌పాత్ మీద, మురుగుకాలువ పక్కన. వాళ్లు గోడ చుట్టి వచ్చేసరికి బస్సు వెళ్లిపోతుంది. రైలు వచ్చిన నాలుగో నిమిషానికే కదిలిపోతుంది. తర్వాతది ఇరవై అయిదు నిమిషాలకు. రైలువాళ్లు బస్సువాళ్లతో మాట్లాడరు, బస్సువాళ్లు మాతో మాట్లాడరు, మేం ఎవరితోనూ మాట్లాడం. నగరం అంటే ఇదే కదా.

మా సారు పథకం ఒక్క పేజీ. రెండు తాళాలు తియ్యాలి. తోటలో చెట్ల కింద కాలిబాట వేసి, బెంచీలు పెట్టాలి. పార్కు అందరిదీ కావాలి. రైలు వచ్చిన తొమ్మిదో నిమిషానికి బస్సు కదలాలి. అంతే.

తొమ్మిది అనే అంకె దగ్గరే అందరికీ చిర్రెత్తుకొచ్చేది.

"తోటలోంచి అడ్డంగా నడిస్తే మూడు నిమిషాల దారయ్యా!" పెద్దసారు బల్ల గుద్దారు. "నేను రోజూ నడుస్తా. తొమ్మిది ఎందుకు? ఊరేగింపా?"

"సార్, నడిచేది మీరు కాదు."

"మరెవరు?"

మా సారు తన కాగితాలు సర్దుకున్నారు. ఫైలు మూడోసారి వెనక్కి వచ్చింది.

అదే వారం మా ఆఫీసులో ఇంకో గొడవ. మా నేలలు తుడిచే ఆమెను అందరం పిన్నీ అంటాం. పిన్ని రోజూ ఇరవై నిమిషాలు ఆలస్యం. హాజరు పుస్తకంలో ఎర్రగీతలు పడుతున్నాయి. ఇంకా మూడు గీతలు పడితే పని నుంచి తీసేస్తామని నోటీసు అంటించారు. ఆమెకు చదువు రాదు, నేనే చదివి వినిపించాను.

"ఇంట్లోంచి అయిదింటికే బయలుదేరుతున్నానమ్మా. ఇంకా ముందు రావాలంటే ఇంటికి వెళ్లడం మానెయ్యాలి" అని నవ్వి, బకెట్టు తీసుకుని వెళ్లిపోయింది. ఆ నవ్వు నాకు రెండు రోజులు గుచ్చుకుంది. గుచ్చుకుని ఏం లాభం, నా బల్ల మీద నక్షా నేను గీసుకున్నాను. సోమవారం ఒక గీత పడింది, మంగళవారం ఇంకోటి. బుధవారం నుంచి ఆదివారం దాకా ఆఫీసుకు ఎన్నికల సెలవులు. ఇక మిగిలింది ఒక్క గీత.

ఆ మంగళవారమే మధ్యాహ్నం ఆఖరి సమావేశం. బస్సు డిపో మేనేజరు వచ్చాడు, పెద్దసారు ఉన్నారు, నేను నక్షాలు పట్టుకుని గోడకు ఆనుకున్నాను. మా సారు లేచి, లెక్కలు చెప్పకుండా జేబులోంచి రెండు రుమాళ్లు తీశారు.

"సార్, మీరు రోజూ ఎనిమిది వేల అడుగులు నడుస్తారు కదా?"

"పదివేలు!" అన్నారు పెద్దసారు.

"ఒక్కసారి ఈ స్కేలు కట్టుకుని, ఈ సంచి పట్టుకుని నడవండి. మీరు బస్సు అందుకుంటే మూడే రాసేస్తాను. ఈ జన్మలో తొమ్మిది ఎత్తను."

పెద్దసారుకు పౌరుషం ఎక్కువ. అందరం కారెక్కి కూడలికి వెళ్లాం. మా సారు వంగి, ఆయన కాలికి స్కేలు కట్టారు. పెళ్లికొడుకును సిద్ధం చేస్తున్నంత శ్రద్ధగా కట్టారు.

"తోట గేటు తియ్యండి మరి" అన్నారు పెద్దసారు.

"తాళంచెవి మీ ఇంట్లో ఉంది సార్."

అంతే, గోడ చుట్టూ ప్రయాణం. మొదటి నిమిషం పెద్దసారు ఠీవిగా నడిచారు. మూడో నిమిషం సంచి చెయ్యి మార్చారు. అయిదో నిమిషం, "ఈ ఫుట్‌పాత్ ఎవడు వేశాడయ్యా?" అని గర్జించారు. "మనమే సార్" అన్నాను. తొమ్మిదో నిమిషం కూర్చోవడానికి చోటు వెతికారు. లేదు. నీడ కోసం చూశారు. ఉంది, గోడకు అవతల. కొమ్మలు పైనుంచి తొంగి చూస్తున్నాయి. పధ్నాలుగో నిమిషం మలుపు తిరిగేసరికి ఆ రైలు తాలూకు బస్సు ఎప్పుడో పోయింది. ఆలస్యంగా వచ్చిన ఇంకో బస్సు కదులుతోంది.

"ఆపు! ఆపవయ్యా! నేనెవరో తెలుసా?"

తలుపులోంచి మా జాలిగుండె కండక్టరు తల బయటపెట్టాడు. మోకాలికి స్కేలు చూశాడు. భుజాన సంచి చూశాడు. "తెలుసు సార్, తెలుసు! తప్పిపోవడానికేగా? ఆపంలెండి!" అని చెయ్యి ఊపి, విజిల్ వేశాడు.

బస్సు వెళ్లిపోయింది. పెద్దసారు ఎండలో నిలబడిపోయారు. మా సారు గడియారం నొక్కి, చాలా మర్యాదగా, "పోయింది" అన్నారు.

పెద్దసారు మొహం తుడుచుకున్నారు. "మధ్యలో ఒక రెండు బెంచీలైనా వెయ్యండయ్యా" అన్నారు చివరకు.

"నలభై వేశాను సార్."

"ఎక్కడ?"

"నక్షాలో. మీరు మూడుసార్లు కొట్టేశారు."

ఒక నెల చూద్దాం అని పెద్దసారు అక్కడే, సంచి మీదే కాగితం పెట్టి సంతకం చేశారు. కింద డిపో మేనేజరూ చేశాడు. మా బృహత్ ప్రణాళిక మొదటిసారి ఒక మంచి పనికి ఆసరా అయింది.

ఆ తర్వాతి సోమవారమే తాళాలు తీశారు. బాట మీద రాళ్లింకా పూర్తిగా పరవలేదు, అయినా తీశారు. ఎంతమంది నడుస్తారో లెక్కపెట్టమని నన్ను తోటలో నిలబెట్టారు. రైలు వచ్చింది. మొదట గేటు దగ్గర జనం ఆగిపోయారు, ఇది మనకేనా అన్నట్టు. ఒకామె చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. తర్వాత వచ్చారు, వందలు, వేలు. ఎనభై ఏళ్లుగా ఒక్కరి కోసం నీడ పట్టుకుని నిలబడ్డ చెట్ల కిందనుంచి ఒక నగరం నడిచిపోతోంది. హోరు లేదు, తోపులాట లేదు. ఆకుల మీద అడుగుల చప్పుడు మాత్రమే. లెక్క తప్పింది. మళ్లీ మొదలెట్టాను, మళ్లీ తప్పింది. అంతమందిని నేనెప్పుడూ చుక్కలుగా తప్ప గీయలేదు.

అందరూ వెళ్లిపోయాక, వెనక ఒక్క మనిషి. కుడి మోకాలు వంగదు. ఎడమ భుజాన సంచి. రెండడుగులకోసారి పక్కకు ఒరిగే నడక. ఈ నడక నాకు బాగా తెలుసు. సారు మళ్లీ బస్సు తప్పిపోవడానికి వచ్చారా అనుకున్నాను.

సారు కాదు. పిన్ని.

ఆఫీసులో రోజూ చూస్తూనే ఉన్నా, ఆమె నడక నేనెప్పుడూ గమనించలేదు. నాలుగో నిమిషం దగ్గర ఉన్న బెంచీ మీద కూర్చుంది. అక్కడే బెంచీ ఉండాలని మా సారు నాచేత ఆరుసార్లు చెరిపించి గీయించిన చోటు అది. నేను దగ్గరికి పరుగెత్తాను.

"పిన్నీ, ఆ సంచిలో ఏముంది?"

"ఏముంటాయమ్మా, మన ఆఫీసు తుడుపుగుడ్డలే. అక్కడ ఉతికే చోటు లేదుగా. ఇంటికి పట్టుకెళ్లి ఉతికి తెస్తాను. ఆరనే ఆరవు, బరువు." మోకాలు నిమురుకుంది. "నిరుడు మీ సారు ఒకసారి ఇక్కడే కనబడి, నేను మోస్తానమ్మా అని లాక్కున్నారు. మోస్తే మొయ్యాలి గానీ, దారిలో కూరగాయల కొట్టు దగ్గర ఆగి తూకం వేయించారు! నా మోకాలు ఎంత వంగుతుందని కూడా అడిగారు. పాపం, మంచాయనే గానీ, కాస్త తిక్క కదూ?"

"కాస్తేమిటి పిన్నీ" అన్నాను.

తొమ్మిదో నిమిషానికి బస్సు కదిలింది. పిన్ని అందులో ఉంది, కిటికీ పక్కన, కూర్చుని. ఆ రోజు హాజరు పుస్తకంలో గీత పడలేదు.

సారును నిలదీశాను. "ఒక్క మాట చెప్పొచ్చుగా సార్, పిన్ని కోసమని?"

"చెప్తే ఏం చేసేవాళ్లమ్మా? అయ్యో పాపం అని ఆమె పేరు మీద ఒక ఫైలు తెరిచేవాళ్లు. మన ఆఫీసులో ఫైలెక్కిన మనిషి మళ్లీ ఇల్లు చేరడం చూశావా? ఆమె అడుక్కోకుండా బస్సు అందాలి. ఆమెకు అందితే అందరికీ అందుతుంది." అంత పెద్ద ప్రసంగం చేసినందుకు ఆయనకే సిగ్గేసి, నోటుపుస్తకంలో తల దూర్చేశారు.

గుడ్డలు ఆఫీసులోనే ఉతికేందుకు తొట్టి, కుళాయి, ఆరేసే తీగ కావాలని నేను దరఖాస్తు రాశాను. పెద్దసారు మోకాలి నొప్పి తగ్గకముందే సంతకం పెట్టించుకున్నాను. మా సారు నాకు నేర్పిన విద్యే.

నెల తిరిగేసరికి మా సారుకు దిగులు పట్టుకుంది. ఎంత నెమ్మదిగా నడిచినా ఆ కూడలిలో బస్సు అందిపోతోంది! ఆయన భార్యకు మాత్రం పండగలా ఉంది. "నిన్న సినిమాకి వెళ్తే మొదటి సీను చూశామమ్మా!" అని ఫోను చేసి మరీ చెప్పింది.

ఒక పొద్దున్న ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"అమ్మాయ్, రెండు స్కేళ్లు ఇస్తావా?"

"రెండెందుకు సార్?"

"మన గేటు దగ్గర కొత్త వాచ్‌మన్‌ను చూశావా? రెండు మోకాళ్లూ వంగకుండా పట్టీలు. మార్కెట్టు దగ్గర బస్సు మారి వస్తాడట."

స్టోర్‌కీపరు దగ్గరికి వెళ్లాను. ఈసారి రిజిస్టరు తియ్యలేదు, చెదపురుగుల మాట ఎత్తలేదు. "ఎన్ని?" అన్నాడు.

"నాలుగు" అన్నాను.

ఆ రోజు మార్కెట్టు దగ్గర బస్సు మా ఇద్దరికీ తప్పిపోయింది.