స్కూలు గ్రౌండులో పొయ్యి తవ్వకూడదు

భవానీపురంలో మా వీధి చివర ఉన్న మునిసిపల్ స్కూలుకి పెద్ద గ్రౌండు ఉంది. చుట్టుపక్కల అంత ఖాళీ జాగా ఇంకెక్కడా లేదు. అందుకని వారమంతా పిల్లలు ఆడుకుంటే, ఆదివారాలు పెద్దవాళ్ళం వాడుకునేవాళ్ళం. పుట్టినరోజులు, నిశ్చితార్థాలు, క్రిస్మస్ ముందు కూటాలు, చవితి భోజనాలు, అన్నీ అక్కడే. తాళం పాత కమిటీ ఛైర్మన్ గారి దగ్గర ఉండేది. అడిగినవాళ్ళకి లేదనకుండా ఇచ్చేవారు. అత్త సొమ్ము అల్లుడు దానం! ఫంక్షన్ చేసుకున్నవాళ్ళు స్కూలుకి ఒక ఫ్యానో నాలుగు కుర్చీలో ఇచ్చేవాళ్ళు, వాటి మీద తమ పేరు పెయింటు వేయించి మరీ. ఇందులో తప్పేముందని ఎవరికీ తోచలేదు. మా చిన్నవాడి అన్నప్రాసన భోజనాలు మేమూ అక్కడే పెట్టాం.

మాకు కర్రీ పాయింటు ఉంది. అది నేను చూసుకుంటాను. మా ఆయన ఫంక్షన్లకి వంటలు చేస్తారు. కట్టెల పొయ్యి మీద బిర్యానీ అంటే ఆయనకి మంచి పేరు. నాకూ ఒక పేరుంది, ముక్కు మీద కోపమని. అది అబద్ధమని నేనెప్పుడూ అనలేదు.

ఒక ఆదివారం ఆ గ్రౌండులో ఎవరిదో నిశ్చితార్థం జరిగింది. వంటవాళ్ళు రెండు జట్లుగా వచ్చారు. నేలలో పొడుగ్గా కాలవలా తవ్వి కట్టెలు పేర్చే గాడిపొయ్యిలు నాలుగు తవ్వారు. వంట అయ్యాక నిప్పుల మీద నీళ్ళు కుమ్మరించి, అప్పుడు గుంతలోకి మట్టి లాగి పూడ్చాలి. నీళ్ళు పోయకుండా మట్టి లాగేస్తే పైకి చల్లగానే కనిపిస్తుంది గానీ, కింద నిప్పులు తెల్లారేదాకా అలాగే ఉంటాయి. మూడు పొయ్యిల మీద నీళ్ళు పోశారు. నాలుగోదాని మీద పోయలేదు. సోమవారం బడి గంట కొట్టకముందు రెండో తరగతి పిల్ల ఒకతె చెప్పులు వరండాలో విప్పేసి పరుగెత్తుకుంటూ వచ్చి ఆ మట్టి మీద కాలు వేసింది. పాదం లోపలికి దిగిపోయింది.

ఆ కేక నేను మర్చిపోలేను. మావాణ్ణి దింపడానికి వచ్చి గేటు దగ్గరే ఉన్నాం, నేనూ మా ఆయనా. నేను కదిలేలోపే ఆయన పిల్లని ఎత్తుకుని ఆటో ఎక్కేశారు. పిల్ల తల్లి బెంజ్ సర్కిల్ దగ్గర బట్టల షాపులో పనిచేస్తుంది. తండ్రి లేడు. ఆవిడ ఆస్పత్రికి చేరేసరికి పిల్లకి కట్టు కడుతున్నారు. మా ఆయన ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడి, "ఆ పొయ్యి నాదేనమ్మా. మంగళగిరిలో ఇంకో వంటకి వెళ్ళాలని తొందరలో నీళ్ళు పోయకుండా మట్టి లాగేశాను" అన్నారు. ఆవిడ ఆయన వంక చూడను కూడా లేదు. "నా కూతురు మళ్ళీ మామూలుగా నడుస్తుందా లేదా, ముందది కనుక్కుని చెప్పండన్నయ్యా" అంది.

నడుస్తుందన్నారు డాక్టరు గారు. ఆ మాట విన్నాకే ఆవిడ గోడకి జారగిలబడి ఏడ్చింది.

ఇంటికొచ్చాక ఆయన్ని చెడామడా తిట్టాను. అన్నీ విని ఒక్కటే అడిగారు. "వీధిలో ఎవరికీ చెప్పకు. ఇది తెలిస్తే నాకు వంటలెవరిస్తారు?" నాకు మండిపోయింది. అయినా ఆయన ముఖం చూసి సరేనన్నాను. పిల్ల తల్లి కూడా ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నేను అడగలేదు. పిల్లని కట్టు మార్పించడానికి తీసుకెళ్ళిన ప్రతిసారీ మాత్రం మా ఆయనే ఎత్తుకెళ్ళారు, ఎత్తుకొచ్చారు. ఆ పొయ్యి ఏ జట్టుదని వీధిలో ఎవరూ పట్టించుకోలేదు. పాపం పిల్ల అన్నారు, వచ్చే ఆదివారం ఫంక్షన్ ఎవరిదో మాట్లాడుకున్నారు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందంటారు చూడండి, మా స్కూలు సంగతి అంతే.

అప్పుడే పేరెంట్స్ కమిటీ ఎన్నికలొచ్చాయి. ఏ తరగతి తల్లిదండ్రులు ఆ తరగతి గదిలో కూర్చుని, చేతులెత్తి తమవాళ్ళని ఎన్నుకోవాలి. ఎప్పుడూ నేను వెనక బెంచీలో కూర్చుని టైమెంతయిందా అని చూసుకునేదాన్ని. ఈసారి నేనే లేచి, "నేను నిలబడుతున్నాను. నన్ను ఎన్నుకుంటే గ్రౌండు తాళం ఇక పిల్లలకే" అన్నాను. తల్లులు చేతులెత్తారు. తర్వాత గెలిచినవాళ్ళంతా కలిసి నన్నే ఛైర్‌పర్సన్ని చేశారు. అంత గట్టిగా అరిచే మనిషి ఇంకొకరు దొరకలేదేమో!

హెచ్‌ఎం మేడం మంచావిడే. కాకపోతే భయస్తురాలు. మొదటి మీటింగుకి, "మీవారిని కూడా తీసుకురండమ్మా, మగవాళ్ళుంటే కాస్త బాగుంటుంది" అన్నారు.

"చేతులెత్తింది నాకు కదండీ మేడం. ఆయన ఇక్కడికొస్తే అక్కడ కూరలెవరు మాడుస్తారు?" అన్నాను. ఆవిడకి నవ్వాగలేదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ ఏడాది మేం పని చేశాం. మధ్యాహ్నం భోజనం పిల్లలకి పెట్టేముందు రోజుకొక తల్లి వచ్చి తిని చూసేది. సాంబారు నీళ్ళలా ఉంటే నాకు నేరుగా ఫోనొచ్చేది. బాత్రూముల్లో నీళ్ళు రాకపోతే నేను మునిసిపల్ ఆఫీసులో వెళ్ళి కూర్చునేదాన్ని. వాళ్ళు నన్ను చూడగానే ఫైలు తీసేవాళ్ళు, కూర్చోబెడితే ఇంకేం మాట్లాడతానోనని. అన్నిటికంటే ముందు, గ్రౌండులో ఫంక్షన్లు ఆపేశాం. ఎవరికీ లేదు, ఏ మతంవాళ్ళకీ లేదు, ఎవరి రికమెండేషనూ చెల్లదు. కొందరు నా ముఖం మీదే, "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందమ్మా" అని నీతి చెప్పారు. నా నోటికేం, బ్రహ్మాండంగా పనిచేస్తోంది అన్నాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి ఇంట్లో ఇరుక్కున్నాను.

మా ఆయన అక్క, అంటే మా వదిన, పక్క వీధిలోనే ఉంటుంది. నా ఇద్దరు పిల్లల పురుళ్ళకీ నాకు పథ్యం వండి పెట్టిన మనిషి. నోట్లో నాలుక నాకంటే పొడుగు, మనసు మాత్రం మంచిది. వాళ్ళమ్మాయికి ఓణీల ఫంక్షన్ పెట్టుకుంది. టెంటు మాట్లాడేసింది, ఫోనుల్లో పిలుపులు అయిపోయాయి, అప్పుడు మా ఇంటికొచ్చి, "ఆదివారం తాళం తీయించు. తమ్ముడు శనివారం నుంచే పని మొదలెట్టాలి" అంది. అడగడం కాదు, చెప్పడం.

"వదినా, గ్రౌండులో ఫంక్షన్లు ఆపేశాం కదా" అన్నాను.

"బయటివాళ్ళకి ఆపారు. మనకేంటి?"

"మనం బయటివాళ్ళం కాదా వదినా?"

అంతే. అక్కడ మొదలైన మాటలు ఎక్కడెక్కడికో వెళ్ళాయి. నా పుట్టింటివాళ్ళు కూడా అందులోకి వచ్చారు. చివరికి వదిన చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ, "ఎవడో తాగుబోతు వంటవాడు నిప్పులు ఆర్పకుండా పోతే, దానికి నా కూతురి ముచ్చట ఆపుతావా? ఆ వెధవని పట్టుకుని అడుగు, నన్ను కాదు" అంది.

మా ఆయన ఆ పక్కనే కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నారు. తల ఎత్తలేదు. ఆ పొయ్యి మీ తమ్ముడిదే వదినా అని ఒక్క ముక్క అంటే ఆ గొడవ ఆ నిమిషంలో తెగిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది. ఇచ్చిన మాట గుర్తొచ్చి మింగేశాను. కోపం మింగడం నాకు అలవాటు లేని పని.

వదిన మాతో మాట్లాడటం మానేసింది. ఓణీల ఫంక్షన్‌కి మేనమామ లేకుండా కుదరదు. లంగా ఓణీ మేనమామే తేవాలి, మేనమామ భార్యే పిల్లకి కట్టాలి. అందుకని కబురు కూతురి చేత పంపింది, మాటలు మాత్రం లేవు. మా ఆయన కూడా అలిగారు, నా మీదో తన మీదో తెలియలేదు. వంటమాస్టరు అలిగితే ఇంట్లో పస్తు ఎవరికి? నాకే. "మీ అక్కతో మీరు మాట్లాడండి" అంటే, "ఏం మాట్లాడను? మాట్లాడితే అంతా మాట్లాడాలి" అని ఊరుకున్నారు.

శుక్రవారం హెచ్‌ఎం మేడం ఫోన్ చేశారు. "పైనుంచి ఫోనొచ్చిందమ్మా. మీ వదినగారు ఎవరినో పట్టుకున్నారు. తాళం తీయకపోతే నా ఉద్యోగానికి ఇబ్బంది" అన్నారు. ఆ పైన ఎవరో నాకు తెలుసు, పేరు చెప్పనులెండి.

శనివారం పొద్దున్నే మేడం గేటు తీయించేశారు. టెంటు సామాను వ్యాను లోపలికొచ్చేసింది. నేను కమిటీలో అందరికీ ఫోన్ చేశాను. వచ్చింది నలుగురు తల్లులు. మిగతావాళ్ళకి వదిన ఇంట్లో భోజనం పిలుపుంది మరి. మేం అయిదుగురం వ్యాను ముందు నిలబడ్డాం. డ్రైవరు హారను కొట్టాడు. "కొట్టు నాయనా, నీ బ్యాటరీయే పోయేది" అన్నాను. వ్యాను వెనకాలే వదిన వచ్చింది. ఎదురుగా ఉన్నది నా పురిటికి చేసిన మనిషి.

వదిన నన్ను దాటుకుని వెళ్ళి, తను పిలిస్తే వచ్చి నా వెనకాల గునపం పట్టుకుని నిలబడ్డ మా ఆయనతో, "చూస్తావేంట్రా? నీ పెళ్ళానికి భయపడతావా? తవ్వు" అంది. ఆయన గునపం నేల మీద ఆనించారు. అందరం ఆయన వంకే చూస్తున్నాం. నిజం చెప్పాలంటే, తవ్వుతారనే అనుకున్నాను. అక్క మాట ఆయన జన్మలో కాదనలేదు.

ఆయన గునపాన్ని మెల్లగా గోడకి చేర్చి పెట్టారు.

"తాగలేదక్కా" అన్నారు.

"ఏంటి?"

"ఆ రోజు నేను తాగలేదు. తొందరలో ఉన్నాను. ఆ పిల్ల కాలు కాలింది నా పొయ్యిలోనే. ఇక్కడ మళ్ళీ గునపం దించలేను."

టెంటు కుర్రాళ్ళు, నలుగురు తల్లులు, కిటికీలోంచి చూస్తున్న హెచ్‌ఎం మేడం, అందరూ విన్నారు.

"ఎందుకు చెప్పలేదురా నాకు?" అంది వదిన.

"చెబితే వంటలు పోతాయని."

వదిన పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. నా వైపు తిరిగి, "నీకు తెలుసా?" అంది. తెలుసన్నాను. "తెలిసే నా చేత అన్ని మాటలు పడ్డావా?"

"నీ మాటలు నాకేమన్నా కొత్తా వదినా?"

ఆవిడకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆ రెండూ దాచుకోవడానికి టెంటు కుర్రాళ్ళ మీద విరుచుకుపడింది. "ఏంట్రా గుడ్లప్పగించి చూస్తున్నారు? ఎత్తండి సామాను. మా ఇంటి ముందు రోడ్డు మీద వెయ్యండి!"

పొయ్యి సంగతి సాయంత్రానికి రెండు వీధులూ చుట్టేసింది. ఒప్పుకున్న వంటలు రెండు పోయాయి, అది నిజం. నేను ఏడ్చాను కూడా. ఆయన మాత్రం చాలా రోజుల తర్వాత ఇంట్లో పులుసు పెట్టి, నాకు వడ్డించి, తనూ తిన్నారు.

ఆదివారం ఫంక్షన్ రోడ్డు మీదే జరిగింది. టెంటు ఇరుకు, ఒక పక్క డ్రైనేజీ, మధ్యలో స్కూటర్లవాళ్ళకి దారి. బిర్యానీ మా కర్రీ పాయింటు గ్యాసు పొయ్యిల మీద దింపారు. పిల్లకి ఓణీ నేనే కట్టాను. కుచ్చిళ్ళు సరిగ్గా రాలేదని వదిన అందరి ముందూ నన్ను కేకలేసింది. ప్రాణం లేచొచ్చింది.

భోజనాల వేళకి కాలు కాలిన ఆ రెండో తరగతి పిల్లా, తల్లీ వచ్చారు. వాళ్ళని పిలవడానికి వదిన ముందురోజే వాళ్ళింటికి వెళ్ళిందట. అక్కడ ఏం మాట్లాడిందో, పిల్ల పాదం చూసి ఏమందో, మాకు ఈరోజు వరకూ చెప్పలేదు. తల్లీకూతుళ్ళని తీసుకొచ్చి మొదటి వరుసలో కూర్చోబెట్టింది. మా ఆయన బిర్యానీ బేసిను పట్టుకుని వరుసలో వస్తూ వాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయారు. నిన్నటిదాకా ఆ పిల్లకి ఆయన ఆస్పత్రికి ఎత్తుకెళ్ళే అంకుల్. ఇప్పుడు పొయ్యి సంగతి వీధంతా తెలుసు, పిల్లకీ తెలిసే ఉంటుంది. వరుసలో వాళ్ళంతా తినడం ఆపి చూస్తున్నారు.

పిల్ల రెండు చేతులూ పైకి చాపింది. "ఇవాళ ఎత్తుకోవా అంకుల్?"

ఆయన బేసిను కింద పెట్టి, చెయ్యి పంచెకి తుడుచుకుని, పిల్లని ఎత్తుకున్నారు. తల్లి కంగారుగా లేచి, "దించండన్నయ్యా, అది ఇప్పుడు బాగానే నడుస్తోంది" అంది.

ఆయన దించలేదు. పిల్లని చంకలో పెట్టుకునే వరుస చివరిదాకా వడ్డించారు.