మూడో ముడి

నంద్యాల జిల్లా ఏర్పడిన మరుసటి ఏడాది వేసవి అది. నేను నంద్యాలలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో సీనియర్ ఫిజియోథెరపిస్టును. వారానికి ఒక రోజు, బుధవారం, ఆళ్ళగడ్డకు డెప్యుటేషన్. అంటే జీతం నంద్యాలలో, ఆ ఒక్క రోజు చెమట ఆళ్ళగడ్డలో. అక్కడ నాకిచ్చిన గదిలో ఒక బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, గాలి కంటే చప్పుడు ఎక్కువ చేసే ఫ్యాను ఉండేవి. నా సర్వీసంతా మోకాళ్ళు, నడుములు, పక్షవాతాలు చూస్తూ గడిచింది. ఆ వేసవి కేసు గురించి చెప్పమంటే మాత్రం ఇప్పటికీ కూర్చొని చెప్పలేను, లేచి నిలబడి చేతులతో చేసి చూపించాల్సిందే.

ఆమె పేరు ప్రసన్న. ఆళ్ళగడ్డలో భర్తతో కలిసి బట్టల అంగడి నడుపుతుంది. వయసు ముప్పై దాటింది. కర్నూలులో నరాల డాక్టరు మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేల్చి అప్పటికి కొన్నేళ్ళయింది. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే దారి తప్పి, మెదడులోనూ వెన్నుపాములోనూ నరాల మీది పొరను దెబ్బతీసే జబ్బు ఇది. కరెంటు తీగ మీది తొడుగు ఊడినట్టే లెక్క, మెదడు పంపిన కబురు చేరాల్సిన చోటికి సరిగా చేరదు. ప్రసన్నకు దెబ్బ చిన్నమెదడు దారుల్లో తగిలింది. చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటే వణకవు. ఏదైనా అందుకోబోతే వణుకు మొదలై, వస్తువు దగ్గరయ్యే కొద్దీ పెరుగుతుంది. గ్లాసు పెదవికి చేరేలోగా నీళ్ళు చీర మీద పడతాయి.

చాలామంది దీన్ని పార్కిన్సన్స్ వణుకు అనుకుంటారు. అది ఎక్కువగా చేయి ఊరకున్నప్పుడు కనిపిస్తుంది, ఇది పనిలోకి దిగినప్పుడు. జబ్బు తిరగబెట్టకుండా ఆమె మందులు వాడుతోంది. వణుకు కోసం డాక్టరు వేరే మాత్ర ఇచ్చి చూశారు. వణుకు కాస్త తగ్గింది గానీ, ఆమె అంగడిలో గల్లా దగ్గరే కునుకు తీయడం మొదలుపెట్టింది. ఆ మాత్ర మాన్పించి, వ్యాయామాల కోసం నా దగ్గరికి పంపారు.

తల్లిని వెంటబెట్టుకొని వచ్చింది. చీటీ చూసి నేను మామూలుగా అడగాల్సినవి అడుగుతుంటే మధ్యలోనే ఆపేసింది.

"అవన్నీ తర్వాత మేడం. మా తమ్ముని పెండ్లి ఉండాది. మూడో ముడి నేనే ఏయాల. అయితాదా, కాదా చెప్పండి."

ఆ ఇంటి ఆచారంలో పెళ్ళికొడుకు రెండు ముళ్ళే వేస్తాడు, మూడోది అతని అక్క వేస్తుంది. పీటల మీద కూర్చున్న పెళ్ళికూతురి మెడ వెనక, పసుపుతాడు రెండు కొసలు పట్టుకొని, అందరూ చూస్తుండగా వేయాలి. ముడి జారితే అపశకునమంటారని తల్లి భయం. ప్రసన్న పెదనాన్న కూతురితో వేయిస్తానని ఆమె అప్పటికే వాళ్ళకు మాట ఇచ్చేసింది. నలుగురిలో నవ్వులపాలు కావడం ఎందుకని నా ముందే కూతురికి నచ్చజెప్పబోయింది.

"వానికి నేనొక్కతేనే అక్కను" అంది ప్రసన్న. "నేను బతికుండంగా ఇంకొకరు ఎట్లా ఏస్తారు మా?"

వణుకు పోగొడతానని ఎవరికీ మాట ఇవ్వలేను, అది నా చేతిలో లేదు. ఒక్క ముడి సంగతయితే చూద్దామన్నాను. మావాళ్ళు దీన్ని పని ఆధారిత సాధన అంటారు. అంటే చేతికి ఉత్త వ్యాయామం ఇవ్వకుండా, కావలసిన పనినే ముక్కలు చేసి, ఒక్కో ముక్కా నేర్పించడం.

ప్రసన్న చేతికి ఒక తాడిచ్చి, పెళ్ళికూతురుగా నేనే కూర్చోబోయాను. స్టాఫ్ నర్సు రమణమ్మ పరుగున వచ్చి తాడు లాక్కుంది. "ఏందక్కా ఇది! సార్ ఇంట్లో ఉండంగా మళ్ళా మీ మెడలో ముడి ఏయించుకుంటాండారా?" అని కోప్పడింది. దాంతో ప్లాస్టిక్ కుర్చీకి దిండు కట్టి పెళ్ళికూతుర్ని చేశాం.

మొదటి సూత్రం, గాలిలో చేయి ఆడించకూడదు. మోచేతులు పక్కటెముకలకు బిగించి, మణికట్లు పెళ్ళికూతురి భుజాల మీద ఆనించాలి. అప్పుడు కదలాల్సినవి వేళ్ళే. రెండోది బరువు. మణికట్టుకు కాస్త బరువు కడితే కొందరిలో వణుకు ఊపు తగ్గుతుంది, మరీ ఎక్కువైతే చేయి అలిసిపోయి మొదటికే మోసం. ఇసుక నింపిన గుడ్డపట్టీ కట్టబోతే ప్రసన్న ఒప్పుకోలేదు. "బి.పి. పట్టీ కట్టుకోని ఫోటోల్లో నిలబడాల్నా?" అంది. తర్వాతి బుధవారం వాళ్ళ అవ్వ వెండి కడియాలు వేసుకొచ్చింది. ఒక్కో చేతికి ఒక్కోటి. నేను పరీక్షగా పెట్టే పద్ధతిలో, నా వేలికొసను ఆమె వేలితో తాకమన్నాను. అదివరకు గాలిలో గిలగిల కొట్టుకున్న వేలు, కొద్దిగా తడబడి, వచ్చి తగిలింది! నేను కేక పెట్టానట, రమణమ్మ ఇప్పటికీ వెక్కిరిస్తుంది.

పసుపు రాసిన తడి తాడుతో సాధన చేయించాను, ఎందుకంటే పొడి తాడు కంటే అది జారుతుంది. ఇంట్లో కూడా రోజూ చేసేది, అలిసిపోకముందే ఆపేది. ముడి పడటం మొదలైంది. ఒకరోజు వరసగా పడింది. ఇద్దరం సంబరపడుతున్నామో లేదో, పక్క గదిలో ట్రే ఒకటి ధడాలున కింద పడింది. ప్రసన్న ఉలిక్కిపడింది, చేతులు మళ్ళీ మొదటికొచ్చాయి. నాకు అప్పుడు వెలిగింది. తాళి కట్టే క్షణంలో గట్టిమేళం ఉంటుంది కదా! సన్నాయిలు, డోళ్ళు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. పైన అక్షింతల వాన. మేమేమో ప్రశాంతమైన గదిలో ముడి వేస్తున్నాం.

అంతే, రమణమ్మ ఫోనులో గట్టిమేళం పెట్టించాను. బయట వరసలో కూర్చున్న రోగులను లోపలికి పిలిచి తలా పిడికెడు బియ్యం ఇచ్చాను. రుద్రవరం నుంచి నడుం నొప్పితో వచ్చిన ఒక రైతు అందరికంటే హుషారుగా చల్లాడు. "ఎవురిదప్పా పెండ్లి? భోజనాలు యాడ?" అని ఆయన అడుగుతుంటే గదంతా నవ్వు. ఆ గోలలో తాడు పదేపదే జారింది. రెండు బుధవారాలు గడిచాక, ఆ గోలలోనే ముడి పడింది.

ముహూర్తం మిట్టమధ్యాహ్నానికి కాస్త ముందు, నంద్యాలలో. ఈ జబ్బుకు వేడి పడదు. ఒళ్ళు వేడెక్కితే లక్షణాలన్నీ కొంతసేపు పెరుగుతాయి, చల్లబడితే తగ్గుతాయి. పొద్దుటి తంతుల్లో తిరగొద్దని, ఏసీ గదిలో మెడకు తడి తువ్వాలు చుట్టుకొని పడుకోమని గట్టిగా చెప్పాను. సొంత తమ్ముని పెళ్ళిలో అక్క పడుకోవడమేందని చుట్టాలు గొణిగారు. పెళ్ళికి నన్నూ పిలిచారు కాబట్టి, ఆ గది తలుపు దగ్గర కుర్చీ వేసుకొని కూర్చున్నాను.

పిలుపు వచ్చింది. తువ్వాలు తీసేసి, కడియాలు సర్దుకొని, నా చేయి పట్టుకొని పందిట్లోకి నడిచింది. పెళ్ళికూతురు మాధవి వెనక స్టూలు వేయించాను. గట్టిమేళం మొదలైంది. పెళ్ళికొడుకు సురేశ్ వంగాడు. చూద్దును కదా, అతని చేతులే గజగజ వణుకుతున్నాయి! కంగారులో మొదటి రెండు ముళ్ళకే తాడంతా వాడేశాడు. మిగిలినవి చిన్న కొసలు. మేము ఎన్నడూ అంత పొట్టి కొసలతో సాధన చేయలేదు.

ప్రసన్న మణికట్లు ఆనించి కొసలు అందుకుంది. ఒకటి జారింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది. అక్షింతలు అయిపోయాయి. డోలు ఆపాలో వద్దో తెలియక మేళగాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయిస్తూనే ఉన్నారు. ప్రసన్న తల్లి ఆ పెదనాన్న కూతురికి సైగ చేసింది, ఆ అమ్మాయి ఒక అడుగు ముందుకు వేసింది. నేనే వేసేద్దామా అనిపించింది.

అప్పుడు మాధవి వెనక్కి తిరగకుండానే, భుజాలు ఇంకాస్త వెనక్కి ఆనించి, నాకు కూడా వినబడేలా అంది.

"నిదానంగా ఏయి వదినా. నేను యాడికీ పోను."

ప్రసన్న ఒక్క ఊపిరి తీసి వదిలింది. వేళ్ళు వణుకుతూనే ఉన్నాయి. ఆ వణుకుతోనే కొసను మెలేసి, దూర్చి, లాగింది. ముడి బిగిసింది. సైగ చేసిన తల్లి అక్కడే కూలబడి ఏడ్చింది. నేను ఈల వేశాను, ప్రభుత్వ ఉద్యోగి హోదా మరిచి.

వణుకు తగ్గిందా అంటే తగ్గలేదు. ఆ పూట పాయసం ఆమె స్ట్రాతోనే తాగింది. ఆ కేసు నాకు నేర్పింది ఇంతే. వణుకును కొలవడం కంటే ముందు, రోగి చేయాలనుకునే పనేమిటో, దాన్ని ఏ వేడిలో, ఏ చప్పుడులో, ఎవరి మధ్య చేయాలో తెలుసుకోవాలి. వాటన్నిటినీ వైద్యం గదిలోకి తేవాలి. తర్వాతి బుధవారం ఆళ్ళగడ్డలో కొత్త రోగి వణికే చేయి ముందుకు చాపాడు. నేను చేయి చూడక ముందే, ఏ పని చేయాలనుకుంటాండావప్పా అని అడిగాను.